అండాలమ్మ ఉంగరం వేలు

రిటైరై ఆరేళ్ళయింది. ఇప్పటికీ పొద్దున మెలకువ రాగానే భయం పట్టుకుంటుంది, నిన్న సంతకం పెట్టిన రిపోర్టుల్లో ఏం వదిలేశానో అని. నిన్న నేను ఏ రిపోర్టూ రాయలేదన్న సంగతి కాసేపటికి గానీ గుర్తుకు రాదు. ఈ మాట చెబితే మావారు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ముప్పై ఏళ్ళు ఇతరుల శరీరాల బొమ్మలు చూసి "ఉంది", "లేదు" అని రాసిచ్చిన మనిషికి ఆ మాత్రం భయం మిగలకపోతేనే అనుమానించాలి.

మా మరిది కూతురు ఈమధ్యే రేడియాలజీలో చేరింది. "పెద్దమ్మా, మీకు తెలిసింది రాసిపెట్టండి, మా బ్యాచ్ అంతా చదువుకుంటాం" అని వెంటపడింది. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చింది, ఏ ఫారం ఎలా నింపాలి అన్నవి రాయను. వాటికి మీ ఆఫీసుల్లో మనుషులున్నారు. నేను రాసేది వేళ్ళ గురించి, ముఖ్యంగా ఒక వేలి గురించి. ఆ వేలి విషయంలో నేను తప్పు చేశాను.

పెద్ద మెషీను, చిన్న వేలు

తొంభైల్లో మావారికి హైదరాబాదుకి బదిలీ అయితే గుంటూరు జిల్లా నుంచి వచ్చాం. నయాపూల్ దాటగానే ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో నాకు ఉద్యోగం దొరికింది. ముందు ఎక్స్‌రేలు, స్కానింగులు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సెంటర్ యజమాని, మేమంతా పెద్దసారు అనేవాళ్ళం, ఎవరో వాడి వదిలేసిన ఎమ్మారై మెషీన్ని తెచ్చి కింది అంతస్తులో బిగించారు. ఆయనా రేడియాలజిస్టే, మంచి చెయ్యి తిరిగినవాడు.

మొదట్లో అంతా తలలూ నడుములే. కానీ ఆ చుట్టుపక్కల జనం చేతుల మీద బతికేవాళ్ళు. గాజులకు రాళ్ళు అతికేవాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు, అచ్చు పనివాళ్ళు, కోర్టు దగ్గర టైపు కొట్టేవాళ్ళు. వేలు తెగిందనో, వంగడం లేదనో, వాచిందనో వస్తూనే ఉండేవాళ్ళు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది. ఎముక బాగుండి వేలు బాగుండకపోతే నరమో, కండరపు తాడో, కణుపు చుట్టూ ఉన్న పొరో చూడాలి. దానికి ఎమ్మారై.

చెప్పడం తేలిక. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చెయ్యి తల మీదుగా ముందుకు చాపించి, వేలిని సాసరంత ఉన్న రింగులో పెట్టి, ఎనిమిది నిమిషాలు కదలొద్దనాలి. అలా రెండు మూడుసార్లు. భుజం లాగేస్తుంది. వేలు ఆవగింజంత కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. ఈ పనికి మా టెక్నీషియన్ నర్సింగ్ ఉండేవాడు. హుస్సేనీ ఆలం మనిషి, నా ఈడువాడే. గొంతు చూసేటప్పుడు నాలుక మీద పెట్టే చెక్క పుల్లలుంటాయే, వాటితో వేలికి కట్టు కట్టి, పట్టీ వేసి, ఇసుక సంచి బరువు పెట్టేవాడు. "ఏలు ఊకుంటది మేడం, మనిషే ఊకోడు" అనేవాడు.

పెద్దసారు నాకు నేర్పిన పాఠం ఒకటి ముందు చెప్పాలి. కోర్టులో నకళ్ళు రాసే ఒకాయన చూపుడువేలి కొస వాలిపోయి వచ్చాడు. నేను స్కాన్‌కి పంపబోతుంటే పెద్దసారు ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని "కొస పైకెత్తు" అన్నారు. అతను ఎత్తలేకపోయాడు. "తాడు తెగింది. కట్టు కడితే అతుక్కుంటుంది. దీనికి మెషీనెందుకమ్మా?" అన్నారు. "బొమ్మ చూసేముందు చెయ్యి పట్టుకో. ఎక్కడ నొప్పో వాళ్ళ చేతే చూపించుకో."

నేను బుద్ధిగా తలూపాను. ఏడాది తిరక్కుండానే మరిచిపోయాను.

పైటకున్న సూది

అండాలమ్మది మొఘల్‌పురా. ముప్పై అయిదేళ్ళుంటాయి. మగ్గం పని చేసేది. చెక్క చట్రానికి బట్ట బిగించి జరీ, పూసలు కుట్టే పని అది. కుడి చెయ్యి బట్ట పైన, ఎడమ చెయ్యి బట్ట కింద. పైనుంచి దిగిన సూదిని కింది చెయ్యి అందుకుని మళ్ళీ పైకి పంపాలి. ఆమెకి ఎడమ చేతి ఉంగరం వేలి కొస నాలుగేళ్ళుగా నొప్పి. సర్జన్ ఖలీల్ సాబ్ పంపారు. చీటీ మీద "ఎడమ ఉంగరం వేలు, నొప్పి, కారణం తెలియదు" అని మాత్రం ఉంది. వెంట రెండేళ్ళ కిందటి ఎక్స్‌రే. అందులో ఏమీ లేదు.

ఆ రోజు వరస పొడుగ్గా ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకోలేదు.

లోపలికి పంపేముందు నర్సింగ్ అడిగాడు. "ఒంట్ల ఇనుము గినుము ఉన్నదా అక్కా? ఆపరేషన్ గిట్ల అయిందా?"

"ఏం లేదన్నా."

గాజులు, ముక్కుపుడక, మెట్టెలు తీయించాడు. పైట అంచుకి గుచ్చి ఉన్న రెండు సూదులు చూశాడు. "గివేంది అక్కా! లోపలికి వోతె ఎగిరి మెషీన్కి అతుక్కుంటయ్!" అని అవి తీయించి కాగితంలో చుట్టి ఇచ్చాడు. మన నర్సింగ్ ఎంత జాగ్రత్తపరుడో అని నేను పక్కన నిలబడి మురిసిపోయాను. ఆమెది సూది పని అని మా ఇద్దరికీ అప్పుడే తెలిసిపోయింది. అయినా వేలిలో ఏముందో అడగాలని ఇద్దరికీ తోచలేదు.

మెషీన్ మొదలైన రెండో నిమిషంలో ఆమె బెల్లు నొక్కింది. "ఏలు గుంజినట్లయితుంది మేడం. ఈడ సల్లగున్నది, మస్తు నొస్తుంది."

"జర ఓర్చుకో అక్కా, అయిపాయె" అన్నాడు నర్సింగ్. నేనూ అదే అన్నాను.

బొమ్మ వచ్చింది. వేలి కొస ఉండాల్సిన చోట నల్లటి గుంట. లోహం ఉంటే అట్లా వస్తుంది, చుట్టుపక్కల దేన్నీ కనబడనివ్వదు. వెంటనే ఆపించి ఎక్స్‌రే తీయించాను. వేలి కొస మెత్తటి భాగంలో విరిగిన సూది మొన, బియ్యపు నూకంత.

"సూది విరిగిందని చెప్పలేదేం?" అని కేకలేశాను. నా భయాన్ని ఆమె మీద చూపించాను.

ఆమె బిత్తరపోయింది. "మా కార్ఖానల అందరి ఏళ్లల్ల ఉంటయ్ మేడం. గదేమన్న బీమారా చెప్పనీకి?"

ఇది చదివే పిల్లలు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. వేలు కాబట్టి సరిపోయింది. అదే మొన కంట్లో ఉండి ఉంటే చూపు పోయేది. ఒంట్లో ఇనుముందా అని అడిగితే ఎవరూ ఉందనరు. ఏం పని చేస్తారు, ఆ పనిలో ఏం విరుగుతుంది, విరిగింది ఎక్కడికి పోతుంది, ఇవీ అడగాల్సినవి.

భయం తగ్గాక నాకు లోలోపల గర్వం వచ్చింది. నాలుగేళ్ళుగా దొరకనిది నేను పట్టుకున్నాను! కూర్చుని రిపోర్టు రాశాను. విరిగిన సూది ముక్క, ఎక్కడుందో కొలతతో సహా. అక్కడితో ఆపితే బాగుండేది. కింద ఇంకో వాక్యం రాశాను, నొప్పికి కారణం ఇదే అని.

వెళ్తూ వెళ్తూ అండాలమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "నొప్పి గోరు దిక్కు మేడం, సూది ఇటు దిక్కు ఉన్నదంటున్నరు" అంది.

"వేలంతా ఒకటేనమ్మా, నొప్పి అటూ ఇటూ పాకుతుంది" అన్నాను.

ఎనిమిది నెలలకి

చలికాలం మొదలైంది. ఒక సోమవారం మధ్యాహ్నం కౌంటర్ దగ్గర నర్సింగ్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "మేడం, మన సూది అక్క వచ్చింది, పాత ఫిల్ములు కావాల్నట" అని పిలిచాడు.

చూస్తే అండాలమ్మ. సగానికి సగమైపోయింది. ఎడమ చేతికి మఫ్లరు చుట్టుకుంది.

"తగ్గిందా?" అన్నాను.

"సూది తీసిన్రు. నొప్పి పోలె." బల్ల మీద కూర్చుంది. "నరాల గోలీలు తిన్న. మనాది అని పిచ్చి డాక్టరు దగ్గరికి పంపిన్రు. మా ఆయన, పని ఎగ్గొట్టనీకి సాకు అంటడు. ఇగ కోసెయ్యుండ్రి సాబ్ అని నేనే కాళ్ళు మొక్కిన. బేస్తారం నాడు ఈ కణుపు తీసేస్తరు. ఖలీల్ సాబ్ పాత ఫిల్ములు తెమ్మన్నడు."

"వేలు పోతే పని ఎలా?"

"కింది చెయ్యికి కండ్లుండవు గద మేడం. ఈ ఏలే కండ్లు. పోతె పని పాయె. కని నొప్పి పోతది."

నర్సింగ్ మంచినీళ్ళు ఇచ్చాడు, కూలర్‌లోంచి పట్టిన నీళ్ళు. ఆమె పరాకున ఎడమ చెయ్యి చాపింది. గ్లాసు వేలికి తగలడమే ఆలస్యం, కెవ్వున అరిచింది. గ్లాసు కింద పడి నీళ్ళన్నీ నా చెప్పుల మీద.

"సల్లది తాకితె పానం పోతది" అంది, ఏడుపు ఆపుకుంటూ.

చల్లదనం తగిలితే ప్రాణం పోయే నొప్పి. గోరు వైపు. నాలుగేళ్ళుగా. ఇది ఏ పుస్తకంలో చదివానో కూడా గుర్తొచ్చింది. చదువుకున్నది సరైన రోజున గుర్తు రాకపోతే చదివి ఏం లాభం?

ఆమె పక్కన కూర్చుని, అప్పుడు, అంత ఆలస్యంగా, ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. "సరిగ్గా ఎక్కడో చూపించు."

ఆమె పైట అంచు నుంచి సూది తీసింది. దాని మొనని గోటి మీద, ఎడమ మూలకి దగ్గరగా, తాకీ తాకకుండా నిలిపింది. "ఈ సుక్క కింద. పక్కకు లేదు, ఈడనే. ఇన్నేండ్లల్ల ఏ ఏలు అని అందరు అడిగిన్రు. ఏలుల ఏడ అని ఎవ్వలడగలె."

బీపీ చూసే పట్టీ తెప్పించి ఆమె చేతికి చుట్టి, రక్తం ఆగేంత గాలి కొట్టాను. పెన్ను మొనతో ఆ చుక్క మీద నొక్కాను. ఆమె ముందే కళ్ళు మూసుకుంది. తర్వాత మెల్లగా తెరిచింది. "లేదు మేడం. ఇప్పుడు లేదు!" పట్టీ వదిలేయగానే నొప్పి తిరిగొచ్చింది.

గోటి కింద, వేడికీ చలికీ తగ్గట్టు రక్తాన్ని సర్దే చిన్న చిన్న ముడులుంటాయి. అందులో ఒకటి పెరిగితే గ్లోమస్ గడ్డ అంటారు. మిరియపు గింజంత కూడా ఉండదు. మనిషిని పిచ్చెక్కిస్తుంది. తీసేస్తే పోతుంది. ఇది ఆ రోజూ ఉండే ఉంటుంది, నేను చూసిన నల్లటి గుంట వెనకే.

బుధవారం

ముందు పెద్దసారు గదికి వెళ్ళాను. గురువారం ఆపరేషన్‌కి ముందే మళ్ళీ స్కాన్ చేస్తానన్నాను, నా రిపోర్టు తప్పయి ఉండొచ్చన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టారు. "సంతకం పెట్టాక రిపోర్టు నీది కాదమ్మా, సెంటర్‌ది. మళ్ళీ తీసి, ఈసారీ ఏమీ లేకపోతే?"

"ఉంటే?"

ఆయన గోడ మీది క్యాలెండర్ చూశారు. చివరికి "బుధవారం భోజనాల టైములో కానివ్వు" అన్నారు. ఆయన గురించి నా అభిప్రాయం దాచను. చెయ్యి పట్టుకోమని నేర్పింది ఆయనే, తప్పు ఒప్పుకోవడానికి భయపడటం నేర్పిందీ ఆయనే. మీకు దొరికే బాసుల్లో చాలామంది ఇలాగే రెండూ నేర్పుతారు. ఏది తీసుకోవాలో మీరే చూసుకోవాలి.

తర్వాత ఖలీల్ సాబ్‌కి ఫోన్ చేశాను. విన్నాక ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఆప్‌కి రిపోర్ట్ దేఖ్‌కే మై కాటా, డాక్టర్ సాహిబా. మీరు రాసిన్రు, నేను కోసిన. ఇప్పుడు ఇంకోటి ఉందంటున్రు. నాకు బొమ్మ సూపియ్యుండ్రి. బుధవారం సాయంత్రం దాకా సూస్త."

ఆ రెండు రోజులు నాకు ఒకటే ఆలోచన. బొమ్మలో ఏమీ కనబడకపోతే అండాలమ్మ వేలు పోతుంది. కనబడితే ఎనిమిది నెలలు ఆమెను ఏడిపించింది నేనేనని తేలుతుంది. రెండోదే జరగాలని మొక్కుకున్నాను. మొదటి గంటసేపు ఆ మొక్కులో కాస్త తటపటాయింపు ఉండేదని కూడా ఒప్పుకుంటున్నాను.

బుధవారం నర్సింగ్ నాకంటే ముందే వచ్చి ఆలోచించి పెట్టాడు. "మేడం, ఆ రోజు ఏలు ఎందుకు నొచ్చింది? ఏసీకి. మెషీన్ కోసం ఏసీ బంద్ చెయ్యరాదు. గందుకే సూడుండ్రి." ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ నుంచి వేణ్ణీళ్ళు తెచ్చి, వాటిలో సెలైన్ సంచులు వేసి గోరువెచ్చగా చేశాడు. ఆ సంచుల మధ్య వేలు పెట్టి, పుల్లలు కట్టి, పట్టీ వేశాడు. అండాలమ్మ సూదితో చూపిన చుక్క మీద ఒక చేపనూనె గోళీ అతికించాను. బొమ్మలో నూనె తెల్లగా మెరుస్తుంది, చోటు తప్పిపోదు. ఈసారి పైట సూదులు తీయించడంతో పాటు కొత్త ఎక్స్‌రే కూడా చూశాం. పెద్ద ముక్క ఏదీ లేదు.

మొదటి బొమ్మలో మళ్ళీ నలుపు. చిన్న మరకే కానీ సరిగ్గా గోటి కిందికే సాగింది. సూది తీసిన చోట మిగిలిన ఇనుప రజను! అద్దం అవతల ఆమె వీపు కనబడుతోంది. కదలకుండా పడుకుని ఉంది, పాపం, నన్ను నమ్మి.

ఆ మరక ఏ దిక్కుకి సాగాలో మెషీన్‌లో మార్చుకోవచ్చు. అది అవతలి పక్కకి సాగేలా మార్చాను. బొమ్మల పొరలు మెషీన్ తీయగలిగినంత పల్చగా పెట్టాను. అట్లా పెడితే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. సంచులు చల్లారిపోయాయి. నర్సింగ్ పరుగున వెళ్ళి మార్చాడు. ఆ పైన ఆమె పాదాల దగ్గర చెక్క స్టూలు వేసుకుని కూర్చుని, మెషీన్ మోత ఆగినప్పుడల్లా "ఇంకొక్కటే అక్కా, ఒక్కటే" అంటూ ఉన్నాడు. అట్లా అయిదుసార్లు ఒక్కటే అన్నాడు.

బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఈసారి ఏదీ వదలకుండా నాలుగు మూలలూ చూశాను. ఎముక, తాడు, మెత్తటి భాగం. ఏడో బొమ్మలో గోటి పైన గోళీ తెల్లగా ఉంది. దాని కింద, గోటికీ ఎముకకీ మధ్య, ఇంకో తెల్లటి చుక్క. గోళీ నీడేమో అని భయమేసింది. గోళీ తీయించి మళ్ళీ బొమ్మ తీశాను. గోళీ పోయింది, చుక్క ఉంది. ఎముకని కొద్దిగా నొక్కి సొట్ట కూడా చేసింది.

వెనక ఎవరో ఊపిరి వదిలారు. పెద్దసారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు. "పాత రిపోర్టు తప్పని రాయి. నేను కూడా సంతకం పెడతాను" అని వెళ్ళిపోయారు.

గురువారం ఖలీల్ సాబ్ కణుపు తీయలేదు. గోరు లేపి, చుక్కంత ముడిని తీసేసి, గోరు మళ్ళీ మూసి కుట్టాడు.

నల్లా

రెండు నెలలకి అండాలమ్మ మా సెంటర్‌కి వచ్చింది. గోరు కొత్తగా వస్తోంది, కొంచెం వంకరగా. మళ్ళీ పనికి వెళ్తోందట. డబ్బాలో పూరీలు తెచ్చింది. నర్సింగ్ అప్పుడే రెండు తినేశాడు.

ఆమె నాకు దండం పెట్టబోతే నేను తట్టుకోలేకపోయాను. ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను కూడా అప్పటిదాకా చెప్పలేదు. "అండాలమ్మా, ఇది మొదటిసారే ఉండే ఉంటుంది. సూది దొరికిందని నేను వెతకడం ఆపేశాను. నొప్పికి సూదే కారణమని రాసింది నేను. గోరు దిక్కు అని నువ్వు చెప్పావు, నేను వినలేదు."

ఆమె డబ్బా మూత పెట్టడం ఆపి నన్ను చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"నొప్పి ఉన్నదని నాకెర్కనే మేడం" అంది చివరికి. "అందరు లేదన్న, ఉన్నదని నాకెర్క. కని మీ కాయితం సదివి చెప్పి, సూది తీసేసినంక, ఇగ లేదన్నరు గద. అప్పుడు నాకే నా మీద నమ్మకం పాయె. నాకే పిచ్చి లేసిందేమో అనుకున్న. నొప్పి కంటె గదే ఎక్కువ గోస."

ఆమె చేతిలోని డబ్బా అందుకుని నేనే మూత పెట్టాను.

ఆమె లేచి గది మూలనున్న నల్లా దగ్గరికి వెళ్ళింది. సంక్రాంతి ఇంకా దాటలేదు, పొద్దుటి నీళ్ళు మంచులా ఉన్నాయి. నల్లా తిప్పి, ఎడమ చెయ్యి చాపి, ఉంగరం వేలిని ధార కింద పెట్టింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను, అరుస్తుందని. ఆమె అరవలేదు. నీళ్ళు వేలి మీంచి జారుతుంటే అటే చూస్తూ నిలబడింది. చెయ్యంతా ఎర్రబడింది.

"ఇక చాలు, తియ్యమ్మా" అన్నాను నేనే.

"ఇంక జరసేపు ఉండనీయుండ్రి మేడం" అంది అండాలమ్మ.